కెనడాలో ఉన్న నోయా

మునిమనవరాలు పుట్టిన మర్నాడు యెమీమా బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. పుట్టేదాకా ఆమె ఎవరినీ ఏమీ కొననివ్వలేదు. ఊయల లేదు, గుడ్డలు లేవు, పాలసీసా కూడా లేదు. పుట్టని బిడ్డకి ముందే సరంజామా సిద్ధం చేస్తే దిష్టి తగులుతుందని ఆమె భయం. ఇంట్లో అందరూ ఆ భయాన్ని చూసి నవ్వేవాళ్ళు. నవ్వుతూనే ఎవరూ ఏమీ కొనలేదు. మనవరాలి భర్త మెయిర్ మాత్రం కారులో బిగించే పిల్లల కుర్చీ ఒకటి కొని, ముసలావిడకు తెలియకుండా స్నేహితుడి ఇంట్లో దాచాడు. ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండిపోయింది.

హదాస్ మంచం మీద కూర్చుని అమ్మమ్మ చేతుల్లో పాపను పెట్టింది.

"అమ్మమ్మా, పేరు చెప్పనా? మందిరంలో చదివేదాకా ఎవరికీ చెప్పకూడదనుకున్నాం. నీకొక్కదానికే."

"చెవిలో చెప్పు. గోడలు వింటాయి."

హదాస్ వంగి చెవిలో చెప్పింది. "నోయా."

యెమీమా పాపను మెల్లగా తొట్లో పడుకోబెట్టింది. దుప్పటి సరిచేసింది. ఆ తర్వాత, "ఆ పేరు వద్దే" అంది.

"ఎందుకు? అందరికీ ఉందనా? ఉంటే ఉండనీ. చిన్న పేరు, పిలవడానికి హాయిగా ఉంటుంది. పెద్దయ్యాక ఏ దేశం వెళ్ళినా ఎవరికైనా నోరు తిరుగుతుంది."

"అది కాదు. ఆ పేరు ఖాళీగా లేదు."

ఖాళీగా లేకపోవడమేమిటో హదాస్‌కి అర్థం కాలేదు. బాలింతతో వాదించడం మంచిది కాదని యెమీమా, ముసలిదానితో వాదించడం దండగని హదాస్, ఇద్దరూ ఊరుకున్నారు. యెమీమా బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

నిజానికి ఇజ్రాయెల్‌లో, అందులోనూ వాళ్ళ హైఫా ఊళ్ళో, ఆ పేరు లేని చోటు లేదు. వాళ్ళ భవనంలోనే కింది అంతస్తులో ఒక నోయా, పక్క మెట్ల వైపు ఇద్దరు. కిరాణా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే పిల్ల చొక్కా మీది బిళ్ళలో నోయా. టీవీలో రేపు వాన వస్తుందని చెప్పేది ఒక నోయా. వాన రాకపోతే మర్నాడు సంజాయిషీ చెప్పుకునేదీ ఆ నోయాయే. బాలబడిలో టీచరమ్మ నోయా అంటే చాలక పెద్ద నోయా, చిన్న నోయా, కళ్ళజోడు నోయా అని పిలుచుకునేది. ఏటా కొత్త సంవత్సరం పండగకి పత్రికలవాళ్ళు ఆ ఏడు జనం ఎక్కువగా పెట్టుకున్న పేర్లు వేస్తారు. ఆడపిల్లల పేర్లలో ఏళ్ళ తరబడి అదే మొదట. ఈ ఏడైనా మారిందేమోనని యెమీమా కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివేది. మారేది కాదు. రెండో అంతస్తులో ఉండే రష్యా ఆవిడ తన కుక్కకి కూడా అదే పెట్టింది. ఆ కుక్క ఎవరు పిలిచినా పలికేది కాదు.

యెమీమా ఈ దేశం వచ్చిన కొత్తలో ఇలా లేదు. అప్పట్లో ఆడపిల్లంటే షోషన్నా, లేకపోతే రాహేలు, ఇంకాస్త సరదా ఉన్నవాళ్ళయితే ఇలానా. నోయా అన్న పేరు ధర్మగ్రంథంలో ఉండేది, వీధిలో ఉండేది కాదు. అందుకని ఎక్కడైనా ఎవరైనా ఆ పేరు పిలిస్తే, పలికే మనిషి ఒక్కతే అయి ఉంటుందని ఆమె నమ్మకం. బస్సులో, సంతలో, సముద్రపు ఒడ్డున, చెవులు తెరుచుకుని ఉండేది. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. తర్వాత ఒక తరం తల్లులకి పొట్టి పేర్ల పిచ్చి పట్టింది. తాతల కాలం వాసన తగలకూడదు, నాలుక మీద పెట్టగానే కరిగిపోవాలి. తాల్, గల్, శిర్, నోయా. ఇప్పుడు పార్కులో ఒక తల్లి నోయా అని పిలిస్తే జారుడుబల్ల మీద సగంమంది తలలు తిప్పుతారు. వాళ్ళతోపాటు బెంచీ మీద కూర్చున్న ఒక ముసలిది కూడా తిప్పుతుంది. అన్నేళ్ళు ఎదురు చూసిన పేరు ఇప్పుడు రోజంతా వినబడుతోంది, ఇంక వినడంలో అర్థం లేకుండా పోయింది.

నోయా యెమీమా చెల్లెలు.

ఇద్దరికీ ఆ పేర్లు పెట్టింది వాళ్ళ నాన్న. రుమేనియా ఏలుబడిలోని బెస్సరేబియాలో, నీస్టర్ నది పక్కన ఒక చిన్న ఊళ్ళో ఆయన పిల్లలకి హీబ్రూ చెప్పే బడిపంతులు. ఊరంతా యూదుల ఇంటిభాష యిద్దిష్‌లో తిట్టుకుంటూ, యిద్దిష్‌లోనే రాజీపడుతూ ఉంటే ఆయన ఒక్కడూ హీబ్రూలో పాలు బేరమాడేవాడు. పాలావిడ రుమేనియన్‌లో జవాబు చెప్పేది. బేరం ఎప్పుడూ కుదిరేది కాదు గాని పాలు మాత్రం వచ్చేవి. పెద్దదానికి యోబు కూతురి పేరు పెట్టాడు. రెండోది కూడా ఆడపిల్లే అని మంత్రసాని భయపడుతూ చెబితే, "మంచిది, అడిగే పిల్ల కావాలి నాకు" అన్నాడట. ధర్మగ్రంథంలో సెలోపెహాదు అనే మనిషికి కొడుకులు లేరు, ఐదుగురు కూతుళ్ళు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి పోయాక ఆ ఐదుగురూ వెళ్ళి మోషే ఎదుట నిలబడి, మా నాన్న వాటా మాకెందుకు రాదని అడిగారు. మోషేకి ఏం చెప్పాలో తోచక దేవుణ్ణి అడిగాడు. ఆడపిల్లలు చెప్పిందే న్యాయం అన్నాడు దేవుడు. ఆ ఐదింట్లోకీ పొట్టి పేరు ఏరి నాన్న చెల్లెలికి పెట్టాడు. హొగ్లా అని పెట్టనందుకు అమ్మ బతికినన్నాళ్ళూ ఆయనకు కృతజ్ఞతగా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చిన వేసవిలో సైనికులు ఊళ్ళోని యూదులందరినీ ఇళ్ళలోంచి లాగి, నడిపించి, నది దాటించారు. పంటు చిన్నది. అమ్మా యెమీమా ఒక పంటులో ఎక్కారు. నాన్న, ఆయన భుజం మీద ఆరేళ్ళ నోయా, తర్వాతి పంటు. ప్రవాహం ఆ రెండో పంటును దిగువకు ఈడ్చుకుపోయి వేరే రేవులో దించింది. అక్కణ్ణించి వాళ్ళను వేరే దారిన నడిపించారు. అంతే. విడిపోవడమంటే అరుపులూ ఏడుపులూ ఉంటాయనుకుంటారు జనం. నోయా తన జడకొన నములుతూ ఇటు చూస్తోంది. యెమీమా చెయ్యి కూడా ఊపలేదు. అవతలి ఒడ్డున కలుస్తాం కదా అని.

అమ్మ ఆ చలికాలం దాటలేదు. యుద్ధం అయిపోయాక ఊరివాడొకడు కనిపించి, నాన్న టైఫస్ జ్వరంతో పోవడం కళ్ళారా చూశానన్నాడు.

"మరి పిల్ల?" అంది యెమీమా.

"పల్లెటూరి ఆవిడెవరో ఇంట్లోకి తీసుకుందనుకుంటా."

"చూశావా?"

"చూశాననుకుంటా."

ఆ అనుకోవడం మీద యెమీమా తన జీవితమంతా కట్టుకుంది. తమ్ముళ్ళనీ అక్కలనీ వెతికే రేడియో కార్యక్రమం వస్తున్నన్నాళ్ళూ రోజూ విన్నది. వంట మాడినా సరే విన్నది.

వాళ్ళవైపు, అంటే యూరప్‌నించి వచ్చిన యూదుల్లో, బతికున్నవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెట్టరు. పెడితే పెద్దవాళ్ళను త్వరగా పొమ్మన్నట్టు. పోయినవాళ్ళ పేరే పెట్టాలి. అమ్మ పోయింది కనక కూతురికి రివ్కా అని అమ్మ పేరు పెట్టుకుంది. నాన్న పేరు కొడుక్కి పెట్టింది. ఇంకో ఆడపిల్ల పుడితే ఏం చెయ్యాలా అని భయపడి, మూడో బిడ్డను కననే లేదు. ఇంట్లో ఎవరికైనా నోయా అని పేరు పెట్టిన రోజున చెల్లెలు పోయినట్టే. పోయిందని ఒప్పుకున్నది తనే అయినట్టు. యుద్ధంలో తప్పిపోయిన చెల్లెలు ఒకత్తి ఉందని పిల్లలకి తెలుసు. ఆ చెల్లెలి పేరేమిటో మాత్రం వాళ్ళకి చెప్పలేదు. పేరు తెలిస్తే ఎవరో ఒకరికి వాడుకోవాలనిపిస్తుందని.

చెప్పకపోయినా వాడుకోవాలనిపించింది.

హదాస్ కూడా ఆ ఇంటి పిల్లే, మొండిది. అమ్మమ్మ ఊ అనేదాకా పేరు పెట్టనంది. నోయా తప్ప ఇంకో పేరు అసలే పెట్టనంది. వారాలు గడిచాయి. టీకాల దగ్గర నర్సు "హదాస్ గారి పాప" అని పిలిచేది. మెయిర్ అయితే కూతుర్ని బంగాళాదుంప అనడం మొదలుపెట్టాడు. పిల్ల దానికి నవ్వడం కూడా మొదలుపెట్టింది. అప్పుడు మెయిర్ నాయనమ్మ సుల్తానా మిగ్దల్ ఊరినించి రెండు బస్సులు మారి యెమీమా ఇంటికి వచ్చింది. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె.

"తలుపు తియ్యి వదినా, చెయ్యి కాలుతోంది!"

గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, చేతి గాజులు పైకి తోసుకుంది. ఎర్రటి పులుసులో చేపల వాసన ఇల్లంతా పాకింది.

"ఇప్పుడు చెప్పు. పిల్లకి పేరెందుకు పెట్టనివ్వవు?"

"నేనేం ఆపలేదు."

"ఆపావు. మా మెయిర్ దాన్ని బంగాళాదుంప అంటున్నాడు. రేపు శుభలేఖ మీద అదే అచ్చు వేయిద్దామా?"

"లోకంలో వేరే పేర్లు లేవా?"

"ఎందుకు లేవు? సుల్తానా ఉంది." ఆవిడ తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకుంది. "మాలో బతికున్న నాయనమ్మ పేరు పెడితే ఆవిడకి కిరీటం పెట్టినట్టు. నాకు మనవరాళ్ళు ఇంటినిండా ఉన్నారు. ఒక్కతంటే ఒక్కతి సుల్తానా ఉందా? అన్నీ తుమ్మినంత పేర్లు. అడిగితే, ఆ పేరుతో ఆఫీసులో ఉద్యోగం రాదు నాయనమ్మా అంటారు. మా ముత్తవ్వకి ఏ ఉద్యోగమూ లేదు. మొరాకోలో, మా మరాకేష్‌లో ఆవిడ పేరు చెబితే సగం వీధి అరుగులు దిగేది. నువ్వు ఊ అనకపోతే పిల్ల సుల్తానాయే. నేను సిద్ధంగా ఉన్నాను, ఆరోగ్యంగానూ ఉన్నాను."

యెమీమా చేపల గిన్నెకి కట్టిన గుడ్డ ముడి విప్పింది.

"నోయా మా చెల్లెలి పేరు" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. అంటే ఏదో జరుగుతుందనుకుంది. ఏమీ జరగలేదు. కిటికీ బయట బస్సు పోయింది. మిగతాది కూడా చెప్పింది. పంటు సంగతి, ఊరివాడు అనుకున్న సంగతి. సుల్తానా మధ్యలో ఒక్క మాటైనా మాట్లాడకుండా విన్నది. ఆవిడను ఎరిగినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు.

"పోయిందని ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"శవాన్ని చూసినవాళ్ళున్నారా?"

"లేరు."

"మరి నువ్వెందుకు దాన్ని చంపుతావు?"

"చంపలేకే కదా పేరు పెట్టనివ్వనిది."

"ఆగు, ఆగు." సుల్తానా వేలు పైకెత్తింది. "మీ లెక్కలో పెడితే పోయినట్టు. మా లెక్కలో పెడితే ఉన్నట్టు. పిల్ల తండ్రి ఎవరు? మావాడు. ఎవరి పద్ధతి నడవాలి? మాదే. మా పద్ధతిలో పెడదాం. బతికున్న చెల్లెలి పేరు, గౌరవంగా, అందరి ముందూ. దేవుడికీ అభ్యంతరం ఉండదు. ఆయనకి మొరాకోవాళ్ళ సంగతి తెలుసు."

ఇంత సులువైన దారి ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అని యెమీమా ఆశ్చర్యపోయింది. తోచకపోవడానికి కారణం, ఇన్నాళ్ళూ ఆమెకు మొరాకో వియ్యపురాలు లేకపోవడం.

"మీవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి?"

"దూరంగా ఉందని చెప్పు. ఎక్కడో నీ ఇష్టం. నేను మావాళ్ళందరికీ ఉందని చెబుతా, మిగతాది నువ్వు చూసుకో. చేప తిను, చల్లారితే బాగోదు."

ఆ సాయంత్రమే యెమీమా హదాస్‌కి ఫోన్ చేసింది. "పెట్టుకో. మా చెల్లెలి పేరు. మెయిర్ వాళ్ళ పద్ధతిలో పెట్టండి" అంది. అవతల హదాస్ ఏడుస్తూ ఏదేదో అడుగుతుంటే, బాలింత ఏడవకూడదని చెప్పి ఫోన్ పెట్టేసింది. కాసేపటికి కూతురు రివ్కా ఫోన్ చేసింది.

"అమ్మా, పిన్ని పేరు నాకు ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"అడిగాను."

"అయితే నేను వినలేదు."

పేరు పెట్టే వేడుక మిగ్దల్‌లో, సుల్తానా వాళ్ళ ప్రార్థనా మందిరం కింది హాల్లో జరిగింది. మూడు బల్లల నిండా బాదం మిఠాయిలు, పుదీనా టీ, ఎర్ర పులుసులో చేపలు. సుల్తానా అక్కచెల్లెళ్ళు, వాళ్ళ కోడళ్ళు, వాళ్ళ పిల్లలు. యెమీమా వైపునించి రివ్కా దంపతులూ, కొడుకూ వచ్చి ఒక మూల బల్ల దగ్గర సర్దుకున్నారు. పేరు చదవాల్సిన మతగురువు రబ్బీ మక్లూఫ్ ఇంకో వేడుకలో చిక్కుకుపోయి ఆలస్యంగా వస్తానని కబురు పెట్టాడు. అక్కడ ఏ పేరు పెడుతున్నారని ఎవరో అడిగారు. "నోయా" అన్నాడు కబురు తెచ్చినాయన. అందరూ నవ్వారు.

బతికున్న మనిషి అక్కగారు కనక యెమీమాను మధ్యబల్ల దగ్గర మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బుగ్గలు ముద్దుపెట్టుకుని వెళ్ళారు.

"మీ చెల్లెలు నూటయిరవై ఏళ్ళు బతకాలి!"

"ఆమెన్" అంది యెమీమా.

"ఈ పిల్ల పెళ్ళి కూడా ఆవిడ చూడాలి!"

"ఆమెన్."

చెల్లెలి గురించి ఎవరూ ఆమెతో ఇలా మాట్లాడలేదు. ఇప్పటిదాకా ఎవరైనా మాట్లాడితే గొంతు తగ్గించేవాళ్ళు. వీళ్ళు మిఠాయి నములుతూ, చొక్కాల మీద పడ్డ పొడి దులుపుకుంటూ, మామూలు మనిషి గురించి అడిగినట్టు అడుగుతున్నారు.

సుల్తానా చెల్లెలు మర్సెల్ వచ్చి పక్కన కూర్చుంది. జుట్టుకి రంగు, మెడలో ముత్యాలు, మాట్లాడే ప్రతిదాంట్లో రెండు ఫ్రెంచి ముక్కలు.

"చెల్లెలు ఎక్కడుంటుంది వదినా?"

యెమీమా ముందే ఆలోచించుకుని వచ్చింది. చలి దేశమై ఉండాలి, దూరమై ఉండాలి, ఈ వేడి ఊళ్ళ మొరాకోవాళ్ళు ఎవరూ పోని చోటై ఉండాలి.

"కెనడాలో."

అవతలి బల్ల దగ్గర టీ పోస్తున్న సుల్తానా చెయ్యి ఆగలేదు. గ్లాసు నిండి, పళ్ళెం నిండి, టీ బల్లగుడ్డ మీదికి పారింది.

"కెనడాలోనా!" అంది మర్సెల్. "మా జాకెలిన్ మాంట్రియల్‌లోనే ఉంది! మా తమ్ముడి పిల్లలు ఐదుగురూ అక్కడే. మాలో సగంమంది అక్కడే కదా! వీధి పేరు చెప్పు, శుక్రవారం జాకెలిన్ చేపలు పట్టుకెళ్తుంది."

"మాంట్రియల్ కాదు" అంది యెమీమా. "ఇంకా లోపలికి."

"లోపలికంటే?"

"మంచు ఎక్కువ ఉన్నవైపు."

"అయ్యో పాపం. ఆయన ఏం చేస్తాడు?"

"కలప వ్యాపారం."

"పిల్లలు?"

"ఇద్దరూ మగపిల్లలు. ఎత్తుగా ఉంటారు."

చెప్పడం అంత కష్టంగా లేదు. అడుగుతుంటే వస్తోంది. నోయాకి మేడ ఉంది. మేడకి మెట్లున్నాయి. మంచుకి మెట్లు జారుతాయని భయం వేసి యెమీమా వెంటనే వాటికి కమ్మీలు పెట్టించింది. నోయాకి మంచి ఉన్ని కోటు ఉంది, లోపల బొచ్చు కుట్టింది. మోకాళ్ళు మాత్రం బాగోవు. ఆ వయసులో ఎవరికి బాగుంటాయి? జడ ఎప్పుడో కత్తిరించేసుకుంది. వంట బాగా చెయ్యదు గాని ఊరగాయ బాగా పెడుతుంది. చుట్టూ చేరిన ఆడవాళ్ళు తలలూపుతూ వింటున్నారు. యెమీమా ముఖం ఎర్రబడింది. రివ్కా మూల బల్ల దగ్గరనించి తల్లిని చూస్తూ, ఆమె ఇంతసేపు మాట్లాడగా ఎప్పుడూ చూడలేదనుకుంది.

"మరి ఆవిడ రాలేదేం?" అంది మర్సెల్.

"మోకాళ్ళు."

"సరే. ఫోన్‌కి మోకాళ్ళక్కర్లేదుగా. నంబరు చెప్పు, ఇప్పుడే చేద్దాం. పేరు చదువుతుంటే వింటుంది." మర్సెల్ సంచిలోంచి ఫోన్ తీసింది.

"నంబరు ఇంట్లో ఉంది."

"సొంత చెల్లెలి నంబరు నోటికి రాదా?"

"ఆవిడకి ఫోనంటే పడదు."

"చివరిసారి ఎప్పుడొచ్చింది?"

యెమీమా దీనికి సిద్ధపడలేదు. "రాలేదు" అంది.

"ఒక్కసారి కూడా? నీ పెళ్ళికి?"

"రాలేదు."

"నీకు పిల్లలు పుట్టినప్పుడు?"

"లేదు."

"మీ ఆయన పోయినప్పుడు?"

యెమీమా తల అడ్డంగా ఊపింది. ఆడవాళ్ళ నమలడం ఆగింది. రబ్బీ మక్లూఫ్ అప్పుడే వగరుస్తూ లోపలికి వచ్చి, టోపీ సరిచేసుకుంటూ, ద్రాక్షరసం గిన్నె ఎక్కడని అడుగుతున్నాడు. మర్సెల్‌కి రబ్బీ కనబడలేదు.

"ఏం మనిషమ్మా! కలప వ్యాపారం, మేడ, బొచ్చు కోటు, ఒక్కగానొక్క అక్కకి ఒక ఫోన్ లేదు. మంచులో ఉండి ఉండి గుండె గడ్డకట్టుకుపోయింది దానికి. సుల్తానా! ఇలాంటిదాని పేరా మన బంగారుతల్లికి పెడుతున్నారు? పెద్దయ్యాక ఇదీ అలాగే అందరినీ మరిచిపోతే? రబ్బీగారూ, ఆగండి. పేరు మార్చాలి."

"అవును, మార్చాలి" అంది ఒక కోడలు. "గుణం పేరుతోనే వస్తుంది."

"మర్సెల్, నోరు ముయ్యి" అంది సుల్తానా.

"నేనెందుకు ముయ్యాలి? తప్పు చేసింది నేనా? అక్కని గాలికొదిలేసింది ఆ స్వార్థపరురాలు—"

యెమీమా లేచి నిలబడింది. బల్ల పట్టుకుని లేచింది.

"నా చెల్లెల్ని ఏమీ అనకు."

"అనకేం చెయ్యమంటావు? ఉన్నమాటేగా అంటున్నాను. రావాలనుకుంటే రాదా?"

"వచ్చేది!" అంది యెమీమా. ఆమె గొంతు అంత పెద్దదని ఆమె కొడుక్కి కూడా తెలియదు. "బతికుంటే వచ్చేది. ఫోనులో కాదు, నడిచి వచ్చేది. మంచులో నడిచి వచ్చేది. అది ఒక్కరోజు కూడా నన్ను వదిలి ఉండేది కాదు, బావి దగ్గరకి పోయినా వెనకే వచ్చేది. అది రాలేదంటే లేదు. కెనడా లేదు, మేడ లేదు. అది పోయింది. నది దాటిన ఆ చలికాలమే పోయింది. దానికి ఆరేళ్ళు."

మర్సెల్ చేతిలో వెలుగుతున్న ఫోను ఆరిపోయింది.

యెమీమా తను అన్న మాట తనే విన్నది. ఇంకొకరెవరైనా అని ఉంటే కొట్టి ఉండేది. బతికుందనుకుంటే, ఇన్నేళ్ళు తనను మరిచిపోయి బతికినట్టు. అంత మాట చెల్లెల్ని ఎవరైనా అంటుంటే, తను కుర్చీలో కూర్చుని ఊరుకోలేదు. దాన్ని చెడ్డదాన్ని చేసి బతికించుకునే కన్నా, మంచిదాన్నిగా పోనివ్వడమే నయం.

రబ్బీ మక్లూఫ్ ద్రాక్షరసం గిన్నె పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఆయనకు ఇంకో వేడుక కూడా ఉంది.

"ఇంతకీ ఇది ఉన్నవాళ్ళ పేరా, పోయినవాళ్ళ పేరా?" అన్నాడు.

హదాస్ పాపను గుండెలకు హత్తుకుని అమ్మమ్మ వైపు చూసింది. మెయిర్ సుల్తానా వైపు చూశాడు. సుల్తానా పైకప్పు వైపు చూసింది.

"పోయినవాళ్ళది" అంది యెమీమా. "ఆమె స్మృతి దీవెన అగుగాక."

"అదీ మంచిదే" అన్నాడు రబ్బీ. మన తల్లులు శారాను, రిబ్కాను, రాహేలును, లేయాను దీవించినవాడు ఈ పసిదాన్నీ దీవించుగాక అని చదివి, ఇశ్రాయేలులో ఈమె పేరు నోయా అని చెప్పాడు. సుల్తానా నాలుక ఆడించి, వాళ్ళ వేడుకల్లో ఆడవాళ్ళు వేసే లులులూ అనే పెద్ద కేక పెట్టింది.

తర్వాత రబ్బీ మిఠాయి ఒకటి నోట్లో వేసుకుని యెమీమా దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, మీ చెల్లెలు పోయిన వార్త మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

ఆయన గడ్డం సవరించుకున్నాడు. ఇలాంటి ప్రశ్న ఆయనకు చదువుకునే రోజుల్లో కూడా రాలేదు. "మనిషి పోయి ముప్పై రోజులు దాటాక తెలిస్తే ఏడు రోజులు సంతాపానికి కూర్చోనక్కర్లేదు. ఒక గంట చాలు. చెప్పులు విప్పి, నేల దగ్గరగా కూర్చోవాలి. ఇంటికి వెళ్ళి కూర్చోవచ్చు."

"ఇంటికి వెళ్ళేసరికి మనసు మారుతుంది" అంది యెమీమా. "ఇక్కడే కూర్చుంటా."

మందిరం పక్క బాలబడినించి ఒక చిన్న పచ్చ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. కొడుకూ కూతురూ చెరో చెయ్యీ పట్టుకుని తల్లిని దాంట్లో కూర్చోబెట్టారు. రివ్కా వంగి ఆమె చెప్పులు విప్పింది. సుల్తానా, దుఃఖంలో ఉన్నవాళ్ళకి పెట్టే ఉడకబెట్టిన గుడ్డు ఒకటి ఒలిచి తెచ్చింది. దూరపు వార్తకి గుడ్డు పెట్టే ఆచారం లేదన్నాడు రబ్బీ. ఆచారానికి కాదు, పొద్దుటినించి ఏమీ తినలేదని పెడుతున్నానంది సుల్తానా. ఆయన ఇంకో వేడుకకి వెళ్ళకుండా ఉండిపోయాడు.

జనం వరుసగా వచ్చారు. శుభమంటూ మజల్ తోవ్ అనాలో, ఇంక నీకు దుఃఖం తెలియకుండా ఉండాలి అనాలో తెలియక రెండూ అన్నారు. యెమీమా రెండింటికీ సరే అంది. ఒక బల్ల దగ్గర పిల్లలు మిఠాయిల కోసం కొట్టుకుంటున్నారు. ఎవరో పాటలు పెట్టి, గుర్తొచ్చి ఆపేసి, మళ్ళీ చిన్నగా పెట్టారు.

మర్సెల్ ముత్యాల దండ తీసి సంచిలో వేసుకుని, పట్టుగౌను పాడవుతుందని కూడా చూడకుండా వచ్చి నేల మీద చతికిలబడింది. కళ్ళ రంగు చెంపల మీదికి జారింది.

"ఎలా ఉండేది?" అంది.

యెమీమా గుడ్డు నములుతూ ఆలోచించింది. కలప వ్యాపారం చెప్పినంత సులువుగా రాలేదు.

"చేతులు కడుక్కోకుండానే కడుక్కున్నానని చెప్పేది" అంది. "వేళ్ళు చూపించమంటే ఏడ్చేది. నిద్రలో తన్నేది. బాతులంటే భయం. నాన్న ఏదైనా చెబితే ఎందుకు అనేది, ఆయన సంతోషపడి ఇంకా ఇంకా చెప్పేవాడు, మాకు అన్నం ఆలస్యమయ్యేది."

"అడిగే పిల్ల" అంది మర్సెల్.

"అడిగే పిల్ల."

హాల్లో గడియారం చూసి రబ్బీ మక్లూఫ్ వచ్చి గొంతు సవరించుకున్నాడు. "గంట అయింది అమ్మా. ఇంక లేవచ్చు."

"ఇంకాసేపు కూర్చుంటానండీ."

"కూర్చోండి. కాని అది లెక్కలోకి రాదు."

"రాకపోతే పోనీండి" అంది యెమీమా. హదాస్ వచ్చి నిద్రపోతున్న నోయాను ఆమె ఒళ్ళో పెట్టింది. ఆమె అలాగే, చెప్పుల్లేకుండా, పచ్చ కుర్చీలో కూర్చుని, మర్సెల్‌కి బాతుల సంగతి మొదటినించి చెప్పడం మొదలుపెట్టింది.